నడివీధిలో డాన్సు వీడియో: అనుమతి అడగాలా, తెల్లవారకముందే తీసేసుకోవాలా?

పల్లవి_చరణం
సొంతంగా రాసి, బాణీ కట్టి, పాడి, గదిలోనే రికార్డు చేసుకున్న పాట ఒకటి సిద్ధంగా ఉంది. నిడివి మూడు నిమిషాల ఇరవై సెకన్లు, వేగం నిమిషానికి 120 బీట్లు. వెనుక మ్యూజిక్ కంపెనీ లేదు, నిర్మాత లేడు. నాతో కలిపి ఏడుగురం ఆడతాం. స్టూడియోలో నల్లగుడ్డ కట్టి తీయడం నాకు ఇష్టం లేదు. పనికి పోయే జనంలో ఒక మనిషి నడుస్తూ నడుస్తూనే ఆట మొదలుపెడతాడు, అదీ పాట. ఆ జనం లేకపోతే పాటలో ఏమీ మిగలదు.

చూసుకున్న చోట్లు మూడు: పాదచారుల వంతెన, దాని మెట్లు, కింద ఉన్న కూడలి. చరణాలు మెట్ల మీద. పల్లవి వచ్చినప్పుడల్లా వంతెన మీద అందరం ఒక్కసారిగా ఎగిరి దూకే స్టెప్పు ఉంటుంది.

మాలో మాకే పడటం లేదు. కెమెరా పట్టే మిత్రుడు "అడిగితే కాదంటారు, తెల్లవారకముందే వెళ్లి తీసుకుని వచ్చేద్దాం" అంటాడు. డాన్సర్లలో ఒకరు "చేతిలో కాగితం లేకపోతే నేను రాను" అని తేల్చి చెప్పారు.

నా కడుపుమంట ఇంకొకటి. మొన్న ఒక పార్కులో రిహార్సల్ చేసుకుంటుంటే కాపలాదారు వచ్చి లేపేశాడు. పక్కనే బంతి ఆడేవాళ్లున్నారు, వ్యాయామం చేసేవాళ్లున్నారు. వాళ్లను ఒక్క మాట అనలేదు. బహిరంగ స్థలం అందరిదీ కాదా? ఇలాంటివి తీసినవాళ్లు చెప్పండి.

కెమెరాకన్ను
ట్రైపాడ్ పెట్టారా? లైటు పెట్టారా? చాలా చోట్ల కాపలావాళ్లకు డాన్సుతో పేచీ ఉండదు, సామానుతోనే. మూడు కాళ్లు నేల మీద పెట్టగానే "షూటింగ్" అనే ముద్ర పడిపోతుంది.

పల్లవి_చరణం
ట్రైపాడ్ లేదు. ఒక ఫోను, ఒక పెద్ద స్పీకర్.

శ్రుతిపెట్టె
దొరికింది దొంగ. స్పీకర్.

నల్లకోటు
శ్రుతిపెట్టె చెప్పింది నిజం. బంతి ఆట పక్కవాడి చెవిలోకి రాదు, మీ పాట వస్తుంది. కాపలాదారు మీద కోపం అర్థమవుతుంది, కానీ అతనికి ఫిర్యాదు చేసేది పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్లే.

ఇక అసలు ప్రశ్న. "బహిరంగ స్థలం" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో రెండు రకాలున్నాయి. ప్రభుత్వానిదో నగరపాలక సంస్థదో అయిన రోడ్డు, కాలిబాట, చౌకు ఒక రకం. జనం తిరిగేదే అయినా యజమాని ఉన్నది రెండో రకం: రైల్వే స్టేషను, షాపింగ్ మాల్, ఆఫీసుల ముందున్న చదును చేసిన ఆవరణ. రెండో రకంలో యజమాని వద్దంటే వద్దంతే, అక్కడ హక్కుల వాదన నిలవదు. మీ పాదచారుల వంతెన ఎవరిదో ముందు తెలుసుకోండి. సగం వంతెన నగరపాలక సంస్థది, దిగే మెట్లు స్టేషనువి అయిన చోట్లు ఎన్నో ఉన్నాయి.

మొదటి రకంలో కూడా నియమాలు ఊరికొక రకం. అయితే చాలా చోట్ల నడిచే సూత్రం ఒకటుంది: మీవల్ల దారి ఆగుతుందా, లేదా? న్యూయార్క్ నగర నియమాల్లో ఇది సూటిగా ఉంటుంది. చేతిలో కెమెరాతో కాలిబాట మీద తీసుకోవచ్చు, ఆ స్థలాన్ని మీ ఒక్కరికే అట్టిపెట్టుకోనంత వరకు పర్మిట్ అక్కర్లేదు. వాహనాలు, భారీ సామాను తెచ్చినా, జనాన్ని ఆపినా పర్మిట్ కావాలి. మీ ఊరి నియమం ఏమిటో మీరే చూసుకోవాలి, కానీ ఈ ప్రశ్న మాత్రం ఎక్కడైనా అడుగుతారు.

కెమెరాకన్ను
నల్లకోటు గారు, ఇలా అన్నీ అడుగుతూ కూర్చుంటే పాట పాతబడుతుంది. సొంతంగా చేసుకునేవాడికి దక్కేదే ఆ వేగం. 1999లో ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అనే సంగీతకారుడి 'ప్రెయిజ్ యు' పాట వీడియో గుర్తుందా? దర్శకుడు స్పైక్ జోంజ్ తీశాడు, ఆడిందీ ఆయనే. లాస్ ఏంజెలిస్‌లో ఒక సినిమా హాలు బయట జనం నిలబడి ఉంటే, ఏ అనుమతీ లేకుండా ఒక చిన్న బృందం టేపు రికార్డరు పెట్టుకుని ఆడేసింది. మధ్యలో హాలు మనిషి వచ్చి పాట ఆపేస్తాడు, అది కూడా వీడియోలోనే ఉంది. ఆ ఏడాది ఎంటీవీ అవార్డుల్లో దర్శకత్వానికీ నృత్యానికీ రెండింటికీ బహుమతి వచ్చింది. అనుమతి తీసుకుని ఉంటే ఆ ఆపేసే క్షణం దొరికేదా?

నల్లకోటు
దొరికేది కాదు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పాట ఆపేయడమే వీడియోకు ప్రాణం, ఎందుకంటే ఆ ఆలోచనే అలాంటిది. పల్లవి_చరణం గారిది కుదురుగా ఏడుగురు కలిసి ఆడే నృత్యం. మధ్యలో ఎవరో ఆపితే వీడియోకు అందం రాదు, సగం వీడియో పోతుంది.

మరో సంగతి. 1987లో యూ2 రాక్ బృందం లాస్ ఏంజెలిస్‌లో ఒక మద్యం దుకాణం మిద్దె ఎక్కి పాడింది. కింద జనం పోగయ్యారు, పోలీసులు వచ్చి ఆపించారు, అదంతా వీడియోలో కనిపిస్తుంది. ఇలాంటివి అందరూ ఉదాహరణకు తెస్తారు. వాళ్ల వెనుక కంపెనీ, మేనేజర్లు, న్యాయవాదులు ఉన్నారు. ఇక్కడ కెమెరా లాక్కుంటే విడిపించుకోవడానికి ఎవరు వెళ్తారు?

దారినపోయే_దానయ్య
నేను వీడియోలు తీసేవాడిని కాదు, వాటిలో అడ్డం వచ్చేవాడిని. కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగాలంటే ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి నా భుజం మీద ఉండాలి. ఒకసారి అలా సగం మెట్లు దిగాక కింద నుంచి ఒక కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి "ఒక్క నిమిషం ఆగండి, టేక్ నడుస్తోంది" అన్నాడు. కమ్మీ పక్కన డాన్సర్లు వరసగా నిలబడి ఉన్నారు. ఆవిడ పట్టుకోవడానికి చోటు లేదు. ఆ ఒక్క నిమిషం పాట మొత్తం అయ్యేదాకా సాగింది. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, పాట కూడా బాగానే ఉంది. కానీ ఆ మెట్లు ఆవిడవి కూడా.

"జనం లేకపోతే పాటలో ఏమీ మిగలదు" అని మీరు రాశారు. ఆ జనాన్ని ఏమని పిలుస్తున్నారు? వాళ్లు మీ వీడియోలో ఉండటానికి వచ్చారా, పనికి పోవడానికి వచ్చారా?

పల్లవి_చరణం
దానయ్య గారూ, ఈ మాట ఎవరైనా అడగాల్సిందే. నా ఉద్దేశం జనాన్ని ఆపడం కాదు, వాళ్లు మా మధ్య నుంచి నడిచిపోవాలి. ఎవరూ ఆగకూడదు.

అడుగుల_సవ్వడి
అలాగైతే నృత్యాన్ని దానికి తగ్గట్టు కూర్చాలి. "మధ్య నుంచి నడిచిపోవాలి" అని కోరుకుంటే జరగదు, దారి వదిలితేనే జరుగుతుంది.

నేను నృత్యం కూర్చేదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీ పాట 400 బీట్లు. ఎనిమిదేసి బీట్ల ముక్కలుగా కూర్చుకుంటే అలాంటి 'ఎనిమిదులు' మొత్తం యాభై వస్తాయి. ఆ యాభైలో ఎన్ని ఎనిమిదులు ఒకే చోట నిలబడి ఆడతారు, ఎన్ని కదులుతూ ఆడతారు అని కాగితం మీద విడగొట్టండి. జనం ఉన్న చోట నిలబడే ఎనిమిదులు తక్కువ ఉండాలి. అడ్డంగా వరస కట్టకండి. నిలువుగా ఒకరి వెనుక ఒకరు ఉంటే కెమెరాకు లోతు వస్తుంది, పక్కన మనిషి పోవడానికి దారి కూడా ఉంటుంది. కమ్మీ ఉన్న వైపు ఎప్పటికీ ఖాళీగా వదలండి. దానయ్య గారి అమ్మగారి లాంటి వాళ్లకు కావలసింది ఆ జానెడు చోటే.

రిహార్సల్ హాల్లో నేల మీద టేపుతో వంతెన వెడల్పు గీయండి. ఆ గీతలు దాటి చెయ్యి పోతే మళ్లీ మొదటి నుంచి. ఆ మధ్యలో మీ స్నేహితులను సంచులతో, సైకిలుతో అటూ ఇటూ నడిపించండి. ఎవరైనా అడ్డం వస్తే డాన్సరు ఆగకుండా ఏం చేయాలో ముందే ఒంటికి పట్టాలి. ఒక ఎనిమిది అక్కడే తాళం మీద నిలిచి, మనిషి దాటాక తరువాత ఎనిమిదిలో కలవడం నేర్పండి. దీన్ని అలవాటు చేసుకున్న బృందం వీధిలో తడబడదు.

మెట్ల మీద ఇంకో జాగ్రత్త. మెట్ల ఎత్తు అన్నీ ఒకేలా ఉండవు, పాత మెట్లలో మొదటిదీ చివరిదీ తేడాగా ఉంటాయి. కాలు లెక్క వేసుకుని దిగుతుంది కాబట్టి అక్కడే తప్పుతుంది. ముందు రోజు వెళ్లి ప్రతి మెట్టూ నడిచి చూసి, తేడా ఉన్న మెట్టు అంచున సుద్దముక్కతో చిన్న గీత పెట్టండి. కెమెరాకు కనిపించదు, కాలికి కనిపిస్తుంది.

శ్రుతిపెట్టె
నిలువు వరస అన్నారు కదా, అందులో ఒక చిక్కుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. స్పీకర్ వంతెన ఈ చివర పెట్టి, ఆఖరి డాన్సరు యాభై మీటర్ల దూరంలో ఉంటే పాట అతనికి సెకనులో ఏడో వంతు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో దాదాపు నాలుగు ఫ్రేములు. ముందున్నవాళ్లు దిగిపోయాక వెనకాయన దిగుతుంటాడు. అతను తప్పు చేయలేదు, తాను విన్నదానికి సరిగ్గానే ఆడాడు.

స్పీకర్ చప్పుడు సమస్య కూడా ఎలాగూ ఉంది. రెండూ తీరాలంటే చెవిలో పెట్టుకునేవే దారి. కానీ బ్లూటూత్ వద్దు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం సెకనులో పదో వంతుకు పైనే ఉంటుంది, పైగా ఒక్కో ఇయర్‌ఫోనుకు ఒక్కో రకం. ఏడుగురికి ఏడు తాళాలు అవుతాయి. సైలెంట్ డిస్కోల్లో (అందరూ హెడ్‌ఫోన్లలోనే పాట వింటూ ఆడేవి) వాడే రేడియో రకం రిసీవర్లు అద్దెకు దొరికితే అందరికీ ఒకేసారి వినిపిస్తుంది. ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవి వీధి కోసం. వాహనం హారన్ వినపడాలి.

కత్తెర_పని
ఎడిటింగ్ చేసేవాడిగా ఒక మనవి. స్పీకర్ తీసేస్తే కెమెరాలో పాట రికార్డు కాదు, అప్పుడు పాటనూ దృశ్యాన్నీ కలపడానికి నాకు ఆధారం ఉండదు. కెమెరా పక్కన ఒక చిన్న స్పీకర్, మెల్లగా, కెమెరా మైకుకు వినపడేంత పెట్టండి చాలు. పాటకు ముందు నాలుగు బీట్ల టిక్కులు, ఒక పెద్ద బీప్ వేసి ఆ ఫైలే అందరికీ ఇవ్వండి. ఎక్కడ మొదలుపెట్టినా బీపు దగ్గర పట్టుకుంటాను.

కెమెరాకన్ను
కత్తెర_పని గారు, కట్లే లేకపోతే? ఈ పాట ఒకే షాటులో తీయాల్సిన పాట. మనిషి జనంలో నడుస్తూ ఆట మొదలుపెడతాడు అన్నప్పుడే అది నా కళ్ల ముందు కనిపించింది. 1991లో మాసివ్ అటాక్ అనే బృందం పాట 'అన్‌ఫినిష్డ్ సింపతీ' వీడియోలో గాయని లాస్ ఏంజెలిస్ వీధిలో నడిచి వస్తుంటే కెమెరా ఎక్కడా తెగకుండా ఆమె వెంటే నడుస్తుంది. ఆవిడ ఆడదు కూడా, ఊరికే నడుస్తుంది. అయినా కళ్లు తిప్పుకోలేం.

కత్తెర_పని
ఆడదు కాబట్టే కుదిరింది అంటాను. ఏడుగురు, మెట్లు, వీధి జనం. ఒక్కరి కాలు తడబడినా మొత్తం మళ్లీ. ఒకే షాటు అంటే టేకుల మీద టేకులు, అంటే దానయ్య గారి అమ్మగారు అన్నిసార్లు ఆగాలి.

కట్లు ఉంటే ఒక్కో ముక్క అర నిమిషంలో అయిపోతుంది, చోటు ఖాళీ చేయవచ్చు. కానీ కట్లకు ఒక శిక్ష ఉంది. వెనుక జనం మారిపోతారు. ఒక షాటులో పసుపు గొడుగు పట్టుకున్న మనిషి ఎడమవైపు ఉంటాడు, తరువాతి షాటులో మాయం. దీన్ని తప్పించడానికి కట్ ఎప్పుడూ కదలిక మీద, చోటు మార్పు మీద పెట్టండి. చూసేవాళ్ల కన్ను దూకే కాలు వెంట పోతుంది, గొడుగును వెతకదు. వెనుక గోడ గడియారం ఉన్న చోట మాత్రం అస్సలు తీయకండి, దానికి ఏ ఉపాయమూ లేదు.

అడుగుల_సవ్వడి
ఇద్దరికీ మధ్య దారి: చరణం మొత్తం ఒక షాటు, పల్లవి మొత్తం ఒక షాటు. పాత హాలీవుడ్ నృత్య తార ఫ్రెడ్ అస్టైర్ పట్టుబట్టిందీ ఇదే, నృత్యం తెగకూడదు, తల నుంచి పాదం దాకా మనిషి ఫ్రేములో ఉండాలి. ఈ రోజుల్లో గింబల్ (కెమెరా వణకకుండా నిలిపే పిడి) పట్టినవాళ్లు ముఖం దగ్గరికి దూసుకుపోతారు, పాదాలు ఎగిరిపోతాయి. డాన్సు వీడియోలో పాదాలు కోస్తే మిగిలేది చేతులు ఊపడమే.

కెమెరాకన్ను
పాదాల మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటున్నాను. ఫోనుల కోసం నిలువు వీడియో కూడా కావాలంటే 4కేలో వెడల్పుగా తీసి మధ్య భాగం కోసుకోవచ్చు, కానీ అప్పుడు ముఖ్యమైన కదలిక మధ్యలోనే జరగాలి. నిలువు వరస ఆలోచన దానికీ పనికొస్తుంది.

ఇనుప_దూలం
పైన ఎవరూ పట్టించుకోని మాట ఒకటుంది. "వంతెన మీద అందరం ఒక్కసారిగా ఎగిరి దూకే స్టెప్పు." నిమిషానికి 120 బీట్లు.

వంతెనల లెక్కలు చూసే ఉద్యోగం నాది. 120 అంటే సెకనుకు రెండు. మనిషి మామూలుగా నడిచే వేగం కూడా దాదాపు అంతే, సెకనుకు రెండు అడుగులు. అందుకే పాదచారుల వంతెనలు కట్టేటప్పుడు వాటి సహజ కంపనం, అంటే వంతెన తనంతట తాను ఊగే వేగం, ఆ అంకెకు దగ్గరగా రాకుండా జాగ్రత్తపడతారు. కానీ తేలికపాటి ఉక్కు వంతెనలు, పొడవైన పాత వంతెనలు అన్నీ అంత దూరంగా ఉండవు. నడిచే జనం ఒక్కొక్కరు ఒక్కో అడుగు వేస్తారు, ఒకరి ఊపును ఇంకొకరు కొట్టేస్తారు. మీరేమో ఏడుగురు ఒకే క్షణంలో దిగుతారు, అదీ మళ్లీ మళ్లీ, సరిగ్గా ఒకే తాళంలో. వంతెనకు ఊపు ఎక్కించడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

1831లో ఇంగ్లండులో బ్రాటన్ వేలాడే వంతెన మీద సైనికులు కదం తొక్కుతూ పోతుంటే కూలింది. ఆ తరువాతే వంతెనల మీద కదం కలపవద్దని అక్కడి సైన్యానికి ఆదేశం వచ్చింది. లండన్ మిలీనియం వంతెన 2000 జూన్‌లో తెరిచారు, జనం నడకకు పక్కలకు ఊగడంతో రెండు రోజులకే మూసేశారు. కంపనాన్ని అణిచే డ్యాంపర్లు పెట్టి మళ్లీ తెరిచేసరికి 2002 వచ్చింది. అక్కడ ఎవరూ కావాలని కదం కలపలేదు. వంతెన ఊగడం మొదలుపెట్టగానే నిలదొక్కుకోవడానికి జనమే తెలియకుండా దాని ఊపుకు అడుగు కలిపారు.

ఏడుగురు దూకితే వంతెన కూలుతుందని నేను అనడం లేదు. కూలదు. కానీ ఊగితే అక్కడున్న పెద్దవాళ్లు, పిల్లలను ఎత్తుకున్నవాళ్లు హడలిపోతారు, ఒకరు పరుగెత్తితే అందరూ పరుగెత్తుతారు. మెట్ల దగ్గర ఆ పరుగు ప్రాణాల మీదికి తెస్తుంది. దూకే స్టెప్పు నేల మీద పెట్టుకోండి.

పల్లవి_చరణం
ఈ కోణం మాలో ఎవరి ఆలోచనలోకీ రాలేదు. పల్లవి కూడలికి మార్చేస్తున్నాను. వంతెన మీద నడకతో కూడిన చరణమే ఉంటుంది. అడుగుల_సవ్వడి గారూ, నడక అందరూ ఒకే కాలుతో వేయకుండా కూర్చవచ్చా?

అడుగుల_సవ్వడి
తప్పకుండా. ఒకరి తరువాత ఒకరు రెండు బీట్ల ఎడంతో మొదలుపెట్టండి, అలలాగా కనిపిస్తుంది. అయితే రెండు బీట్లకు మళ్లీ అదే కాలు కలుస్తుంది కాబట్టి, బీటుకొక అడుగు వేసేవాళ్లు కొందరు, రెండు బీట్లకొక అడుగు వేసేవాళ్లు కొందరు ఉండాలి. చూడటానికి కూడా ఇదే బాగుంటుంది. జనం నడక నిజంగా అలాగే ఉంటుంది.

ఇనుప_దూలం
రెండు వేగాలు కలపడం మంచి ఆలోచన. గింబల్‌కు కూడా మేలు, నేల అదిరితే ఏ గింబల్ అయినా కొంత వణుకుతుంది.

చిన్నక్క_చిందు
అందరూ కెమెరా, వంతెన, చట్టం మాట్లాడారు. ఆడేవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు, కాబట్టి నేను ఎత్తుతాను. ఇలాంటి వీడియోల్లో ఆడి ఆడి వచ్చినదాన్ని.

తమ్ముడూ, ఆ ఆరుగురికీ ఏమిస్తున్నావు? "పేరు వస్తుంది" అనవద్దు. డబ్బు తక్కువైతే తక్కువే ఇవ్వు, కానీ ఎంతో ముందే చెప్పు, ఆ రోజే ఇవ్వు. స్టెప్పులు కూర్చినవాళ్ల పేరు వీడియో కింద మొదటి వరసలో ఉండాలి. కూర్చిన నృత్యం కూడా పాట లాగే ఒకరి సొత్తు, చాలా దేశాల చట్టాలు దాన్ని గుర్తిస్తాయి. రేపు ఆ స్టెప్పు జనంలోకి పోయి ఎవరో ప్రకటనలో వాడుకుంటే ఆ మాట ఎవరితో మాట్లాడాలో ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి.

రెండోది నేల. నృత్యశాలలో నేల కింద కాస్త ఒంగే ఏర్పాటు ఉంటుంది, దూకితే ఊపును అది మింగుతుంది. కాంక్రీటు ఏమీ మింగదు, అంతా మడమకూ పిక్క ఎముకకూ మోకాలికీ పోతుంది. కూడలిలో దూకే స్టెప్పు అన్నావు కదా, రిహార్సల్ అంతా దూకకుండా గుర్తుకు మాత్రం వేయించు, నిండుగా దూకడం టేకుల్లోనే. పలచటి అడుగు బూట్లు ఫ్రేములో అందంగా ఉంటాయని వేయించకు.

మూడోది మరీ చిన్న విషయం అనుకుంటారు. బట్టలు మార్చుకునే చోటు, మూత్రశాల. వీధిలో తీసేటప్పుడు అమ్మాయిలకు ఈ రెండూ ఉండవు, గంటల తరబడి నీళ్లు తాగకుండా ఆడతారు. షూటింగ్ చోటు చూసేటప్పుడు వెలుతురు కంటే ముందు ఇది చూడాలి.

పల్లవి_చరణం
అక్కా, మొత్తం ఎంతో చెప్పాను, ఒప్పుకున్నారు, ఆ రోజే ఇస్తాను. నృత్యం హక్కుల కాగితం ఈ వారమే రాస్తాం. మూత్రశాల సంగతి మాత్రం మా డాన్సర్లను ఈ రోజే అడుగుతాను.

చిన్నక్క_చిందు
"కాగితం లేకపోతే రాను" అన్న అమ్మాయి మాట విను. పోలీసు వస్తే కెమెరా పట్టుకున్నవాడు పరుగెత్తగలడు, మెరుపుల డ్రెస్సులో ఉన్న అమ్మాయి ఎక్కడికి పరుగెత్తుతుంది?

కెమెరాకన్ను
నేనెవరినీ వదిలి పరుగెత్తను. కానీ ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కూడలికి అనుమతి తీసుకోండి.

అయితే తెల్లవారుజాము ఆలోచన మాత్రం వదలకండి. దొంగచాటుగా కాదు, వెలుతురు కోసం. సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతాడు. ఉదయం నీడలు పొడుగ్గా ఉంటాయి, గంటలోనే ఎటో తిరిగిపోతాయి, కట్లు కలవవు. మబ్బు పట్టిన రోజు దొరికితే అదృష్టం. లేకపోతే భవనం నీడ నేలంతా పరుచుకునే వేళ చూసుకుని ఆ వేళలోనే కూడలి మొత్తం తీసేయండి. ఎక్స్‌పోజరు (వెలుతురు), వైట్ బ్యాలెన్సు (రంగుల సర్దుబాటు) రెండూ లాక్ చేయండి, ఫోను తనంతట తాను మారుస్తుంటే ఒకే పల్లవిలో ముఖాలు మూడు రంగుల్లోకి పోతాయి.

తాళంతప్పదు
తెల్లవారుజామున తీస్తే జనం ఉండరు కదా? పాటకు జనం కావాలన్నారు.

పల్లవి_చరణం
అదే ఆలోచిస్తున్నాను. ఆఫీసులకు పోయే వేళ మొదలయ్యేటప్పటికి, రద్దీ ముదరకముందు. ఒక్కొక్కరుగా జనం పెరుగుతుంటే పాట కూడా అలాగే పెరుగుతుంది. ముందు కూడలి, తరువాత వంతెన.

తాళంతప్పదు
స్లో మోషన్ కావాలంటే? దూకే స్టెప్పు నెమ్మదిగా చూపిస్తే బాగుంటుంది.

కత్తెర_పని
పెదవుల కదలిక కలవాలంటే పాటను వేగంగా వేసి ఆడించాలి. సెకనుకు 24కు బదులు 30 ఫ్రేముల్లో తీసి, తరువాత 24లో నెమ్మదిగా చూపించాలంటే తీసేటప్పుడు పాట 125 శాతం వేగంతో మోగాలి, అంటే మీ 120 కాస్తా 150 బీట్లు. అది ఆడగలరు. 48లో తీస్తే 240, ఎవరి వల్లా కాదు. పాడని చోట మాత్రం ఎంతైనా తీసుకోవచ్చు.

దారినపోయే_దానయ్య
దారి సంగతి బాగానే మాట్లాడుకున్నారు. ముఖాల సంగతి? నాకు కెమెరాలో పడటం ఇష్టం లేదు. ఎందుకని ఎవరికీ చెప్పుకోవాల్సిన పని కూడా లేదు. ఆ వేళకు నేను అక్కడ ఉన్నానని తెలియకూడని మనుషులు ఎవరికైనా ఉండవచ్చు.

కెమెరాకన్ను
వీధిలో నడిచే మనిషి వీధిలో కనిపిస్తాడు దానయ్య గారూ. అందరి ముఖాలూ మసక చేస్తే అది పాట వీడియోలా ఉండదు, నేరాల వార్తలా ఉంటుంది.

నల్లకోటు
దీని మీద దేశదేశానికీ తేడా ఉంది. జర్మనీలో 1907 నాటి చట్టం ఇప్పటికీ నడుస్తోంది: మనిషి బొమ్మను బయట పెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. అయితే ఒక దృశ్యంలో పక్కన ఊరికే కనిపించే మనుషులకు మినహాయింపు ఉంది. మిగతా చోట్ల కూడా తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది. వెనుక నడిచిపోయే మనిషి వేరు, కెమెరా ఆగి ముఖం మీద నిలిచిన మనిషి వేరు. ఎవరైనా చప్పట్లు కొట్టారనో, మీతో కలిసి ఆడారనో దగ్గరగా చూపించాలనుకుంటే అక్కడికక్కడే సంతకం తీసుకోండి. పిల్లలైతే తల్లిదండ్రులది.

వెనుక గోడ మీద చిత్రాలుంటే అవి కూడా ఎవరివో చూడండి, వీధి గోడ మీద ఉన్నంత మాత్రాన ఆ బొమ్మ అందరిదీ అయిపోదు. ఇంకొకటి, పాటలో మీరు కొన్న బీట్ (వేరేవాళ్లు చేసి అమ్మే తాళ సంగీతం) ఏదైనా ఉందా? కొన్ని లైసెన్సులు పాట విడుదలకు ఒప్పుకుంటాయి గానీ వీడియోకు ఒప్పుకోవు.

పల్లవి_చరణం
బీట్లన్నీ నావే. గోడ బొమ్మ ఒకటుంది కూడలిలో, కెమెరా కోణం మారుస్తాం.

దానయ్య గారూ, ఇలా చేస్తాను. వంతెన రెండు చివర్లా పెద్ద అక్షరాల బోర్డు: ఇక్కడ వీడియో తీస్తున్నాం, కనిపించడం ఇష్టం లేకపోతే ఎడమవైపు నుంచి వెళ్లండి. ఎడమవైపు కెమెరా చూడదు. ఎవరైనా వచ్చి తీసేయమంటే ఆ టేక్ వాడం.

దారినపోయే_దానయ్య
బోర్డు పక్కన ఒక మనిషిని కూడా నిలబెట్టండి. చదవడం రానివాళ్లుంటారు, కళ్లజోడు మర్చిపోయినవాళ్లుంటారు. చెయ్యి అడ్డం పెట్టే మనిషి కాదు, దారి చూపించే మనిషి.

తాళంతప్పదు
కుక్క వస్తే?

కత్తెర_పని
కుక్క వస్తే కెమెరా ఆపవద్దు. నా అనుభవంలో ఆ టేకే అందరికీ నచ్చుతుంది.

శ్రుతిపెట్టె
విడుదలప్పుడు ఒక చిక్కు వస్తుంది, ఇప్పుడే చెబుతున్నాను. పాటను డిస్ట్రిబ్యూటరు (పాటలను యాప్‌లకు చేర్చే సంస్థ) ద్వారా వదిలితే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో, అంటే ఎవరి పాట ఎక్కడ వాడారో తానే పట్టే ఏర్పాటులో, వాళ్లు నమోదు చేసి ఉండవచ్చు. అప్పుడు మీ వీడియో మీద మీ పాటకే క్లెయిమ్ (హక్కు మాదనే దావా) పడుతుంది. మీ చానెల్‌ను మినహాయింపు జాబితాలో పెట్టమని వీడియో ఎక్కించడానికి ముందే అడగండి.

పల్లవి_చరణం
రాసుకున్నాను. వంతెన విచారించాను, మొత్తం నగరపాలక సంస్థదే, స్టేషనుతో సంబంధం లేదు. కూడలికీ వంతెనకూ కలిపి ఒకటే దరఖాస్తు సరిపోతుందన్నారు. పెద్ద స్పీకర్ లేదని, దారి ఆగదని, ఎంతమందిమో, ఏ వేళకో రాసి ఇచ్చాను. "కాగితం లేకపోతే రాను" అన్నావిడే ఆ ఉత్తరం రాశారు.

నల్లకోటు
అనుమతి వస్తే నకళ్లు రెండు తీయించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి బోర్డు దగ్గర నిలబడే మనిషి దగ్గర. పోలీసు మొదట మాట్లాడేది ఆ మనిషితోనే.

దారినపోయే_దానయ్య
ఆ బోర్డు దగ్గర నిలబడటానికి మనిషి దొరకకపోతే నాకు చెప్పండి. వస్తాను.